నదీతీర ఉద్యానవనంలో కలుషిత నేల: సందర్శకుల సంపర్కాన్ని తగ్గించే పద్ధతులు

7.0 ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:
• కలుషితమైన మట్టి మనిషి శరీరంలోకి ఏయే మార్గాల్లో చేరుతుందో వివరించగలుగుతారు.
• సందర్శకుడు మింగే కలుషిత పదార్థం పరిమాణాన్ని ఒక సులభమైన సూత్రంతో లెక్కించగలుగుతారు.
• సంపర్కాన్ని తగ్గించే పద్ధతులను, వాటి పరిమితులను పోల్చి చెప్పగలుగుతారు.
• హెచ్చరిక బోర్డు ఒక్కటే రక్షణ చర్య ఎందుకు కాజాలదో కారణాలతో చర్చించగలుగుతారు.

7.1 పరిచయం

కిందటి పాఠ్యభాగంలో నేల కాలుష్యానికి కారణాలను, భారలోహాల ధర్మాలను తెలుసుకున్నారు. కలుషితమైన నేలను ఏం చేయాలి అన్న ప్రశ్నకు చాలామందికి వెంటనే తోచే జవాబు "తీసి పారేయాలి" అని. చిన్న పెరడు విషయంలో ఇది సాధ్యమే. కాని పదుల కిలోమీటర్ల పొడవున నది పక్కన పరుచుకున్న నేల కలుషితమైతే ఎంతని తవ్వుతాం? తవ్విన మట్టిని ఎక్కడ పోస్తాం? వచ్చే ఏడు వరద వచ్చి కొత్త ఒండ్రును తెచ్చి పోస్తే అప్పుడేం చేస్తాం?

అలాంటి చోట ప్రశ్ననే కొంచెం మార్చి అడగాలి. "మట్టిలో విషం ఉందా?" అన్నది మొదటి ప్రశ్న. "ఆ విషం మనిషి లోపలికి ఏ దారిన పోతోంది? ఆ దారిని ఎక్కడ మూయగలం?" అన్నది రెండో ప్రశ్న. ఈ పాఠం రెండో ప్రశ్నకు సంబంధించింది. మనిషికి, కలుషిత పదార్థానికి మధ్య ఏర్పడే కలయికను ఇక్కడ "సంపర్కం" అంటున్నాం. చర్మానికి తగలడం, ఊపిరితో పీల్చడం, నోటితో మింగడం మూడూ సంపర్కంలోకే వస్తాయి.

వివరణకు అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఉన్న కోర్ డలేన్ నదీలోయను ఉదాహరణగా తీసుకుందాం. గని వ్యర్థాలతో నిండిన నదీతీరాన్ని జనం సైకిల్ తొక్కే, నడిచే ఉద్యానవన మార్గంగా మార్చిన చోటు అది. ఏం చేశారో, ఏం చేయలేకపోయారో రెండూ అక్కడ స్పష్టంగా కనిపిస్తాయి.

7.2 కోర్ డలేన్ లోయ: కాలుష్యం ఎలా వచ్చింది

ఈ లోయలో 1880ల నుంచి వెండి, సీసం, జింకు గనులు నడిచాయి. ముడిఖనిజాన్ని పొడిచేసి, అందులోని లోహాన్ని వేరుచేయగా మిగిలే సన్నని పొడిని టెయిలింగ్స్ అంటారు. ఆనాటి పద్ధతుల్లో లోహం పూర్తిగా వేరయ్యేది కాదు. అందువల్ల ఆ పొడిలో సీసం చాలా మిగిలిపోయేది. 1968 వరకు ఇలాంటి వ్యర్థాలను నేరుగా వాగుల్లోకి, నదిలోకి వదిలారు. వాటి మొత్తం 6 కోట్ల టన్నులకు పైనే అని అంచనా. నది వాటిని కిందికి మోసుకుపోయి, వరద వచ్చినప్పుడల్లా రెండు ఒడ్డులా పరచింది. కలుషితం కాని నేలల్లో సీసం సాధారణంగా కిలోగ్రాము మట్టికి కొన్ని పదుల మిల్లీగ్రాములకు మించదు. ఈ వరద మైదానంలో అది చాలాచోట్ల వేలల్లో ఉంటుంది.

దీనికి గాలి కాలుష్యం తోడైంది. కెల్లాగ్ పట్టణంలోని బంకర్ హిల్ సీసం ప్రగలన కర్మాగారంలో పొగను వడకట్టే విభాగం 1973 సెప్టెంబరులో అగ్నిప్రమాదంలో దెబ్బతింది. వడపోత సరిగా లేకపోయినా కర్మాగారాన్ని మరికొన్ని నెలలు నడిపారు. 1974లో పిల్లల రక్తాన్ని పరీక్షించినప్పుడు, కర్మాగారానికి మైలు దూరంలోపు ఉన్న పిల్లల్లో దాదాపు అందరికీ డెసిలీటరు రక్తంలో సీసం 40 మైక్రోగ్రాములు దాటింది. ఆ సంఖ్య తీవ్రత అర్థం కావాలంటే ఇది గమనించండి: పిల్లల విషయంలో వెంటనే శ్రద్ధ తీసుకోవలసిన స్థాయిగా అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 నుంచి 3.5 మైక్రోగ్రాములను వాడుతోంది. సీసం ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. నేర్చుకునే శక్తి, ఏకాగ్రత తగ్గుతాయి. ఇలా జరిగిన నష్టాన్ని తరవాత వైద్యంతో పూర్తిగా సరిదిద్దలేం. ఇంత వరకు ప్రమాదం లేదు అని గీత గీసి చెప్పదగిన స్థాయి ఏదీ సీసం విషయంలో తేలలేదు.

కర్మాగారం 1981లో మూతపడింది. 1983లో ఈ ప్రాంతాన్ని సూపర్‌ఫండ్ చట్టం కింద జాతీయ ప్రాధాన్య జాబితాలో చేర్చారు.

ఇక మన ఉద్యానవనం సంగతి. నది వెంట ఒక రైలుమార్గం ఉండేది. దాని కట్టను వేయడానికి కొంత వరకు గని వ్యర్థాలనే వాడారు. వ్యాగన్ల నుంచి ఖనిజపు పొడి కూడా దారి పొడవునా రాలింది. రైళ్లు ఆగిపోయాక ఆ కట్టను ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. యూనియన్ పసిఫిక్ రైల్వే సంస్థ, కేంద్ర ప్రభుత్వం, ఐడహో రాష్ట్రం, కోర్ డలేన్ ఆదివాసీ తెగ కలిసి 2000లో ఒక ఒప్పందానికి వచ్చాయి. దాని ఫలితమే ములన్ నుంచి ప్లమర్ వరకు సుమారు 116 కిలోమీటర్ల పొడవున్న "ట్రైల్ ఆఫ్ ద కోర్ డలేన్స్". ఇది 2004లో ప్రారంభమైంది. దీని మీద వేసిన తారు పొర సైకిళ్లకు బాట. కింద ఉన్న సీసానికి అదే మూత.

7.3 మట్టి నుంచి మనిషికి: మూలం, మార్గం, గ్రాహకం

ప్రమాదం ఏర్పడాలంటే మూడు అంశాలు ఒకేచోట కలవాలి.

1. మూలం: కలుషిత పదార్థం ఉన్న చోటు. ఇక్కడ ఒడ్డు మట్టి, ఒండ్రు, పాత రైలుకట్ట.
2. మార్గం: ఆ పదార్థం కదిలి మనిషిని చేరే దారి. ధూళి, చేతులు, ఆహారం, నీరు.
3. గ్రాహకం: దాన్ని స్వీకరించే జీవి. పిల్లవాడు, పెద్దవాడు, పక్షి, ఏదైనా కావచ్చు.

మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా హాని జరగదు. ఆరడుగుల లోతున కదలకుండా ఉన్న సీసం పైన నడిచే మనిషిని ఏమీ చేయదు. అదే సీసం అంగుళం లోతున, గడ్డి లేని ఆటస్థలంలో ఉంటే కథ వేరు.

సీసం విషయంలో ప్రధాన మార్గం నోరు. సీసపు ఖనిజాలు చర్మం గుండా లోపలికి పోవడం చాలా తక్కువ. ధూళిని పీల్చడం వల్ల కొంత చేరుతుంది. ఎక్కువ భాగం మాత్రం చేతికి అంటిన మట్టి నోట్లోకి పోవడం వల్లనే చేరుతుంది. ఇది మట్టిని ముద్దలుగా తినడం కాదు. వేళ్లు చీకడం, కింద పడిన బిస్కెట్టు తీసి తినడం, కడగని చేతులతో భోజనం చేయడం వంటి పనుల్లో తెలియకుండానే జరిగిపోతుంది. చేతికి అంటుకునేది సన్నని మట్టే కాబట్టి, సంపర్కాన్ని అంచనా వేసేటప్పుడు 150 మైక్రోమీటర్ల కంటే సన్నని రేణువులను జల్లించి పరీక్షిస్తారు. గులకరాళ్లతో కలిపి పరీక్షిస్తే ఫలితం తక్కువగా వచ్చి మనల్ని మోసం చేయవచ్చు.

మింగిన సీసమంతా రక్తంలో చేరదు. చేరే భాగాన్ని జైవిక లభ్యత అంటారు. పెద్దవాళ్లతో పోలిస్తే చిన్నపిల్లల పేగులు సీసాన్ని ఎన్నో రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయి. ఇనుము, కాల్షియం లోపం ఉన్న పిల్లల్లో ఈ శోషణ ఇంకా పెరుగుతుంది. ఖాళీ కడుపున మరీ ఎక్కువ. అంటే ఒకే ఉద్యానవనంలో ఒకే గంట ఆడుకున్న ఇద్దరు పిల్లలకు ఒకే హాని జరగదు. పోషకాహారం తక్కువైన పిల్లవాడికి ఎక్కువ జరుగుతుంది.

మార్గం అన్న భావన పక్షులకు కూడా వర్తిస్తుంది. కోర్ డలేన్ దిగువ లోయలోని చిత్తడి నేలలకు వలస వచ్చే టండ్రా హంసలు నీటిమొక్కల వేళ్లను తవ్వి తింటాయి. వేళ్లతో పాటు బురదను కూడా మింగి, సీసం విషంతో చనిపోతుంటాయి. పిల్లవాడికి చెయ్యి ఎలాంటి దారో, హంసకు ఆ వేళ్లు అలాంటి దారి.

"సందర్శకులు" అన్నప్పుడు అందరినీ ఒకే గాటన కట్టకూడదు. తారుబాట మీద సైకిల్‌పై సాగిపోయే పెద్దమనిషి, ఇసుకలో గూళ్లు కట్టే మూడేళ్ల పిల్ల, రోజంతా ఒడ్డున కూర్చుని చేపలు పట్టే వ్యక్తి వేర్వేరు మోతాదులు పొందుతారు. కోర్ డలేన్ తెగవారికి ఈ నదీ సరస్సులు తరతరాల నివాసం, జీవనాధారం. బురదలో పెరిగే నీటి దుంపలు వారి సంప్రదాయ ఆహారం. పాత జీవనవిధానం ప్రకారం అక్కడే దుంపలు తవ్వుకుని, చేపలు పట్టుకుని బతికే కుటుంబానికి కలిగే సంపర్కం వారాంతపు యాత్రికుడి కంటే ఎన్నో రెట్లు. సగటు సందర్శకుడిని దృష్టిలో పెట్టుకుని చేసిన ప్రణాళిక ఇలాంటివారిని లెక్కలోనే చేర్చదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) మూలం, మార్గం, గ్రాహకం అనే మూడింటిలో తారు పొర దేన్ని అడ్డుకుంటుంది?
ఆ) మట్టి నమూనాను జల్లించి సన్నని రేణువులనే పరీక్షించడానికి కారణం ఏమిటి?

7.4 సంపర్కాన్ని లెక్కించడం

సందర్శన రోజున మింగే సీసం పరిమాణాన్ని ఇలా అంచనా వేయవచ్చు:

మింగిన సీసం (మి.గ్రా.) = మట్టిలో సీసం గాఢత (మి.గ్రా./కి.గ్రా.) × మింగిన మట్టి (మి.గ్రా.) ÷ 10,00,000

చివరి సంఖ్య ప్రమాణాల మార్పిడి కోసం మాత్రమే. ఒక కిలోగ్రాములో 10 లక్షల మిల్లీగ్రాములు ఉంటాయి కదా!

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఒడ్డున బోసి నేలలో సీసం గాఢత 2,000 మి.గ్రా./కి.గ్రా. అనుకోండి. చిన్నపిల్లలు రోజుకు 200 మి.గ్రా. మట్టి మింగుతారని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ప్రమాద అంచనాల్లో వాడుకగా తీసుకుంటుంది. ఇది చిటికెడు ఉప్పు కంటే తక్కువే.

2,000 × 200 ÷ 10,00,000 = 0.4 మి.గ్రా., అంటే 400 మైక్రోగ్రాములు.

కంటికి ఆనని మట్టి నుంచి రోజుకు 400 మైక్రోగ్రాములు! ఇప్పుడు ఒక్కొక్క చర్య ఈ అంకెను ఎలా మారుస్తుందో చూడండి.

మొదటిది, నేలను కప్పడం. పిల్లలు ఆడే చోట శుభ్రమైన మట్టి పరచి గాఢతను 100 మి.గ్రా./కి.గ్రా.కు తెస్తే, పిల్లవాడు మింగేది 20 మైక్రోగ్రాములు. ఇరవయ్యో వంతుకు పడిపోయింది. ఇందుకోసం పిల్లవాడు కాని, తల్లిదండ్రులు కాని ఏమీ చేయనక్కరలేదు.

రెండోది, చేతులు కడుక్కోవడం. దీనివల్ల మింగే మట్టి సగానికి తగ్గుతుందనుకుందాం. కడుక్కున్న పిల్లవాడు మింగేది 200 మైక్రోగ్రాములు. కాని పది కుటుంబాల్లో నాలుగే ఈ సూచన పాటిస్తే మొత్తం మీద సగటు 320 మైక్రోగ్రాములు. పాటించని ఆరు కుటుంబాల పిల్లలకు 400 అలాగే ఉంటుంది. సగటు తగ్గినట్లు కనిపించినా, ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారికి ఏ మేలూ జరగలేదు.

మూడోది, రాకను తగ్గించడం. ఏడాదికి 40 రోజులు వచ్చే కుటుంబం 20 రోజులే వస్తే ఏడాది మొత్తం సగమవుతుంది. కాని ఉద్యానవనానికి జనం రాకుండా చేయడం ఉద్యానవనం ఉద్దేశాన్నే దెబ్బతీస్తుంది.

సగటు తీసే కాలవ్యవధి విషయంలో కూడా జాగ్రత్త అవసరం. 40 సందర్శనలను 365 రోజుల మీద పంచితే రోజుకు సుమారు 44 మైక్రోగ్రాములు వస్తుంది. కాని ఆ చలిదేశంలో జనం నది ఒడ్డుకు వచ్చేది ముఖ్యంగా వేసవిలో. ఆ 40 రోజులూ 90 రోజుల వ్యవధిలోనే గడిస్తే సగటు రోజుకు సుమారు 178 మైక్రోగ్రాములు. రక్తంలో సీసం సగానికి తగ్గడానికి దాదాపు నెల పడుతుంది. కాబట్టి వేసవిలో వరసగా చేసే సందర్శనల ప్రభావం ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. ఏడాది సగటు ఈ సంగతిని కప్పిపుచ్చుతుంది.

ఈ లెక్క మోతాదును మాత్రమే చెబుతుంది. దాని నుంచి రక్తంలో సీసం స్థాయిని అంచనా వేయడానికి శోషణ, ఆహారం, ఇంటి ధూళి, తాగునీరు వంటి వాటిని కూడా కలుపుకొనే ప్రత్యేక నమూనాలు ఉన్నాయి. నివాస నేలల్లో సీసానికి ఆ సంస్థ 1994 నుంచి 400 మి.గ్రా./కి.గ్రా.ను పరిశీలన స్థాయిగా వాడి, 2024లో దాన్ని 200కు తగ్గించింది. నేల మారలేదు, సీసం గురించి మన అవగాహన మారింది. నిన్న "పరవాలేదు" అనుకున్న చోటును నేడు మళ్లీ పరిశీలించవలసి రావచ్చు.

7.5 సంపర్కాన్ని తగ్గించే పద్ధతులు

7.5.1 తవ్వి తొలగించడం

మూలాన్నే తీసివేయడం అన్నిటికంటే స్థిరమైన పరిష్కారం. కెల్లాగ్ పరిసరాల్లో ఇళ్ల పెరళ్లలో ఇదే చేశారు. పై మట్టిని అడుగు లోతు వరకు తీసి, అడుగున ఇంకా కాలుష్యం ఉంటే గుర్తుగా ఒక పొర పరచి, దాని మీద శుభ్రమైన మట్టి వేశారు. తరవాతి రోజుల్లో ఎవరైనా తవ్వితే ఆ పొర కనిపించి "ఇక చాలు" అని హెచ్చరిస్తుంది. లోయ మొత్తం మీద 7,000కు పైగా స్థలాలను ఇలా శుభ్రం చేశారు.

వరద మైదానం అంతటా ఇది సాధ్యం కాదు. పరిమాణం ఎక్కువ. తవ్వితే చెట్లు, చిత్తడి నేలలు పోతాయి. వదులైన మట్టి నదిలో కలుస్తుంది. అందువల్ల తవ్వకాన్ని పిల్లలు ఎక్కువసేపు గడిపే చోట్లకే పరిమితం చేయడం ఆచరణీయం.

7.5.2 కప్పి ఉంచడం

తారు, కాంక్రీటు, కంకర, శుభ్రమైన మట్టి, దట్టమైన గడ్డి ఇవన్నీ కప్పు పొరలుగా పనికివస్తాయి. కోర్ డలేన్ మార్గంలో కొన్నిచోట్ల కలుషిత పదార్థాన్ని తొలగించి, మార్గం పొడవునా సుమారు 3 మీటర్ల వెడల్పున తారు వేశారు. అంచులను కంకరతో కప్పారు. కప్పు పొర రెండు పనులు చేస్తుంది. మట్టి చేతికి తగలనివ్వదు, ధూళిని లేవనివ్వదు.

నీటి అంచున తారు వేయలేం. అక్కడ గులకరాళ్లు, ముతక కంకర మేలు. అవి నీటి ఒరిపిడిని తట్టుకుంటాయి. చేతికి అంటుకోవు. ఈ సరస్సు నుంచి బయలుదేరే స్పోకేన్ నది మీద, వాషింగ్టన్ రాష్ట్రంలో జనం దిగే కొన్ని తీరాలను ఇలాగే తవ్వి, కప్పి బాగుచేశారు.

కప్పు పొర ఏది వేసినా, కింద కాలుష్యం అలాగే ఉంటుందని మరవకూడదు. పొరకు పగులు వచ్చిన రోజున మార్గం మళ్లీ తెరుచుకుంటుంది.

7.5.3 రసాయనికంగా స్థిరీకరించడం

మట్టికి ఫాస్ఫేటు కలిపితే సీసం తేలికగా కరగని పైరోమార్ఫైట్ అనే ఖనిజంగా మారుతుంది. అప్పుడు మింగినా శోషణ తగ్గుతుంది. వినడానికి ఇది చవకైన, చక్కని ఉపాయం. కాని నది ఒడ్డున ఫాస్ఫేటు వాడితే అది నీటిలో చేరి నాచును పెంచుతుంది. నాచు కుళ్లితే నీటి అడుగున ఆక్సిజన్ తగ్గుతుంది. కోర్ డలేన్ సరస్సు అడుగు బురదలో కూడా లోహాలు పేరుకుని ఉన్నాయి. అక్కడ ఆక్సిజన్ తగ్గితే ఆ లోహాల్లో కొన్ని తిరిగి నీటిలోకి విడుదల కావచ్చు. నేలను బాగుచేయబోయి నీటిని చెడగొట్టినట్లవుతుంది.

7.5.4 స్థల రూపకల్పన

జనం ఎక్కడ కూర్చుంటారో, పిల్లలు ఎక్కడ ఆడతారో చాలావరకు రూపకల్పనే నిర్ణయిస్తుంది. నీడ, బల్ల, నీటి కుళాయి, మరుగుదొడ్డి ఒకేచోట ఉంటే జనం అక్కడే ఆగుతారు. కాబట్టి శుభ్రపరచిన చోటనే వీటిని ఏర్పాటు చేయాలి. కలుషితమైన ఒడ్డు వైపు ముళ్ల పొదలు, దట్టమైన మొక్కలు పెంచితే "రావద్దు" అని రాయనవసరం లేకుండానే జనం అటు పోరు. కోర్ డలేన్ మార్గంలో విశ్రాంతి స్థలాలను, భోజనపు బల్లలను ప్రత్యేకంగా సిద్ధం చేసిన చోట్లలోనే అమర్చి, అక్కడే తినమని సందర్శకులకు చెబుతారు.

7.5.5 బోర్డులు, పరిశుభ్రత సూచనలు

ఆ మార్గంలోని సూచనల సారం ఇది: బాట వదిలి పోవద్దు, నిర్దేశించిన చోటనే తినండి, తినే ముందు చేతులు కడుక్కోండి, నది నీరు తాగవద్దు, బూట్లకు, ఆటవస్తువులకు, పెంపుడు కుక్కకు అంటిన మట్టిని వదిలించి ఇంటికి వెళ్లండి.

ప్రతి సూచన వెనక కారణం ఉంది. నది నీటిలో సీసపు రేణువులు తేలుతూ ఉంటాయి. మరిగించినా సీసం పోదు. ఆల్కహాలు ద్రవం చేతుల మీది సూక్ష్మజీవులను చంపుతుందే కాని, మట్టిని తొలగించదు. సబ్బు, శుభ్రమైన నీరు కావాలి. అవి లేనప్పుడు తడి గుడ్డతో తుడవడం కొంత మేలు. బూట్ల మట్టి ఇంట్లో చేరితే ఉద్యానవనంలోని ఒక పూట సంపర్కం ఇంట్లో రోజుల తరబడి సాగుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
అ) నది ఒడ్డున ఫాస్ఫేటు వాడకానికి ఉన్న అభ్యంతరం ఏమిటి?
ఆ) మట్టిలో సీసం 1,000 మి.గ్రా./కి.గ్రా. ఉన్నచోట ఒక పెద్దమనిషి రోజుకు 100 మి.గ్రా. మట్టి మింగితే, ఆ రోజు మింగే సీసం ఎంత? ఏడాదిలో 50 సందర్శనలైతే, ఏడాది మీద రోజువారీ సగటు ఎంత?

7.6 ఏది ముందు, ఏది తరవాత

పై పద్ధతులను ఒక ప్రశ్నతో వరసలో పెట్టవచ్చు: ఇది పనిచేయాలంటే సందర్శకుడు ఏమైనా చేయాలా? తవ్వి తొలగించిన చోట ఏమీ చేయనక్కరలేదు. కప్పు పొర ఉన్నచోట కూడా అంతే. చక్కని రూపకల్పన ఉన్నచోట దాదాపుగా ఏమీ చేయనక్కరలేదు. బోర్డు ఉన్నచోట మాత్రం సందర్శకుడే అంతా చేయాలి. బోర్డును చూడాలి, చదవాలి, అర్థం చేసుకోవాలి, నమ్మాలి, నీళ్లు వెంట తెచ్చుకోవాలి, ఏడుస్తున్న పిల్లవాడి చేతులు కడిగి అప్పుడు తినిపించాలి. ఈ గొలుసులో ఏ కొక్కెం ఊడినా రక్షణ పోతుంది.

అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్న రెండేళ్ల పిల్లవాడు చదవలేడు. ఆ భాష రాని వలస కుటుంబం కూడా చదవలేదు. అందుకే బోర్డు చివరి రక్షణ కావాలి, మొదటిది కాకూడదు. బోర్డు చవక, తారు ఖరీదు. అందువల్ల పాలకులకు బోర్డు దగ్గరే ఆగిపోవాలనే ఆకర్షణ ఎప్పుడూ ఉంటుంది. అలా ఆగిపోతే, కాలుష్యం చేసినవారి బాధ్యతను పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చిన తల్లి మీద మోపినట్లే. ఈ పాఠంలో మీరు తప్పక గుర్తుంచుకోవలసిన అంశం ఇదే.

అలాగని బోర్డు వ్యర్థం కాదు. 116 కిలోమీటర్ల మార్గంలో తారుబాట దిగి నాలుగడుగులు వేస్తే కలుషితమైన ఒడ్డు వస్తుంది. అంతటినీ కప్పలేరు. అక్కడ మిగిలే ప్రమాదాన్ని నిజాయితీగా చెప్పవలసినది బోర్డే. అయితే "చేతులు కడుక్కోండి" అని రాసినచోట కుళాయి ఉండాలి. బొమ్మలుండాలి. "ప్రమాదం" అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా ఏం చేయాలో, ఎందుకు చేయాలో చెప్పాలి.

మొత్తంగా మూసివేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అంత పొడవునా కంచె వేసినా జనం దూకి వస్తారు. అప్పుడు కప్పు పొర, కుళాయి, బల్ల ఏవీ లేని చోట తిరుగుతారు. అంతేకాక, నదిని జనానికి పూర్తిగా దూరం చేయడం కూడా నష్టమే. అయితే గాఢత మరీ ఎక్కువగా ఉండి, కప్పడం కుదరని చోట, ముఖ్యంగా పిల్లలు చేరే చోట, మూసివేతే సరైన నిర్ణయం అవుతుంది.

7.7 నది, వరద, నిర్వహణ

మామూలు ఉద్యానవనానికి, నదీతీర ఉద్యానవనానికి తేడా వరదలో ఉంది. ఎగువన, నది అడుగున మిగిలిన కలుషిత ఒండ్రును ప్రతి పెద్ద వరదా కదిలిస్తుంది. నిన్న శుభ్రం చేసిన ఒడ్డు మీద, బాట మీద దాన్ని కొత్తగా పరుస్తుంది. కాబట్టి ఇక్కడ శుభ్రపరచడం ఒక్కసారితో ముగిసే పని కాదు.

వరద తీశాక బాటను మళ్లీ తెరిచే ముందు పేరుకున్న ఒండ్రును తడిగా ఉండగానే తొలగించాలి. ఆరిపోతే ధూళిగా లేస్తుంది. తారు పగుళ్లను, కంకర కొట్టుకుపోయిన అంచులను, వేళ్లు పైకి తన్నిన చోట్లను ఏటా పరిశీలించి బాగుచేయాలి. విశ్రాంతి స్థలాల పై మట్టిని మళ్లీ పరీక్షించాలి. ఈ పనులకు డబ్బు, బాధ్యులు ముందే నిర్ణయమై ఉండాలి.

కప్పు పొరకు చట్టపు రక్షణ కూడా కావాలి. బంకర్ హిల్ ప్రాంతంలో 1995 నుంచి స్థానిక ఆరోగ్య విభాగం ఒక విధానాన్ని అమలు చేస్తోంది. శుభ్రపరచిన చోట తవ్వాలన్నా, మట్టిని తరలించాలన్నా అనుమతి తీసుకోవాలి. ఇలాంటివాటిని సంస్థాగత నియంత్రణలు అంటారు. వీటివల్ల కింద ఏముందో ఆ ఊరు మరిచిపోదు. పాత తరం పోయి, కొత్తగా వచ్చిన గుత్తేదారు కేబుల్ కోసం కందకం తవ్వే రోజున ఈ జ్ఞాపకమే పిల్లలను కాపాడుతుంది.

7.8 ఫలితం ఎలా తెలుస్తుంది

మూడు స్థాయుల్లో కొలవవచ్చు. మొదటిది, పై పొర మట్టిలో, ధూళిలో సీసం గాఢత. రెండోది, జనం ప్రవర్తన: ఎందరు బాట మీద ఉన్నారు, ఎందరు కుళాయి వాడారు. మూడోది, పిల్లల రక్తంలో సీసం స్థాయి. మూడోదే అసలైన కొలమానం. కాని హాని జరిగాకే అది కనిపిస్తుంది. అందువల్ల దాని కోసం ఎదురుచూస్తూ మొదటి రెండింటిని వదిలేయకూడదు.

కెల్లాగ్ పరిసరాల్లో 1974లో 40 దాటిన పిల్లల రక్తపు సీసం స్థాయి, 2000 తరవాతి సంవత్సరాల్లో సగటున 3 దరిదాపులకు దిగింది. ఇది గొప్ప మార్పు. అయితే దీని ఘనత ఒక్క చర్యకే ఇవ్వలేం. కర్మాగారం మూతపడింది, పెట్రోలు నుంచి సీసం తొలగింది, పెరళ్లు శుభ్రమయ్యాయి, ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి చెప్పారు. ఇవన్నీ కలిసి పనిచేశాయి. పర్యావరణ శాస్త్రంలో ఫలితాన్ని ఒకే కారణానికి ముడిపెట్టే ముందు ఇలాంటి జాబితా వేసి చూడటం అలవాటు చేసుకోండి.

7.9 సారాంశం

కలుషితమైన నేల హాని చేయాలంటే మూలం, మార్గం, గ్రాహకం కలవాలి. సీసం విషయంలో ప్రధాన మార్గం చేతి నుంచి నోటికి. ఎక్కువ ప్రమాదం చిన్నపిల్లలకు. మూలాన్ని పూర్తిగా తొలగించలేని నదీతీరంలో కప్పు పొర, స్థల రూపకల్పన, పరిశుభ్రత సౌకర్యాలు, సూచనలు కలిపి వాడాలి. సందర్శకుడి సహకారం అవసరం లేని చర్యలకు ప్రాధాన్యం ఇవ్వాలి. వరద కాలుష్యాన్ని మళ్లీ తెస్తుంది కాబట్టి నిర్వహణ ఎప్పటికీ సాగాలి.

7.10 ముఖ్య పదాలు

సంపర్కం: కలుషిత పదార్థం మనిషి శరీరాన్ని తాకడం లేదా లోపలికి చేరడం.
టెయిలింగ్స్: ముడిఖనిజం నుంచి లోహాన్ని వేరుచేశాక మిగిలే సన్నని వ్యర్థం.
జైవిక లభ్యత: మింగిన పదార్థంలో రక్తంలోకి చేరే భాగం.
కప్పు పొర: కలుషిత నేలను మనిషికి అందకుండా కప్పే పదార్థం.
సంస్థాగత నియంత్రణలు: తవ్వకం, భూవినియోగం వంటి వాటిపై ఉండే చట్టపరమైన పరిమితులు.

7.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి – జవాబులు

1. అ) మార్గాన్ని. మూలం కిందనే ఉంటుంది. ఆ) చేతికి అంటుకుని నోటికి చేరేది సన్నని మట్టే కాబట్టి.
2. అ) నీటిలో నాచు పెరిగి, ఆక్సిజన్ తగ్గి, అడుగు బురదలోని లోహాలు విడుదల కావచ్చు. ఆ) 0.1 మి.గ్రా. (100 మైక్రోగ్రాములు), ఏడాది మీద రోజుకు సుమారు 13.7 మైక్రోగ్రాములు.

7.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. నదీతీర ఉద్యానవనంలో సందర్శకుల సంపర్కాన్ని తగ్గించే పద్ధతులను పోల్చి, వాటి ప్రాధాన్య క్రమాన్ని సమర్థించండి.
2. కోర్ డలేన్ లోయలో కాలుష్యం వ్యాపించిన తీరును, చేపట్టిన చర్యలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ఏడాది సగటు మోతాదు ఎందుకు తప్పుదారి పట్టించవచ్చు?
2. వరద తరవాత చేపట్టవలసిన నిర్వహణ చర్యలేవి?

III. క్షేత్ర కార్యం
మీ ఊరికి దగ్గరలో నది, వాగు లేదా చెరువు ఒడ్డున జనం చేరే చోటును ఒకదాన్ని ఎంచుకోండి. కార్తిక వనభోజనాలు జరిగే చోటైతే మరీ మంచిది. చేత్తో కలుపుకొని తినే మనకు చేతుల శుభ్రత ముఖ్యం కదా. అక్కడ గంటసేపు కూర్చుని గమనించండి. బోసి నేల ఎక్కడ ఉంది? పిల్లలు ఎక్కడ ఆడుతున్నారు? చేతులు కడుక్కోవడానికి కుళాయి ఉందా, అందులో నీళ్లు వస్తున్నాయా? తినే ముందు ఎందరు చేతులు కడిగారు? ఈ నేల కలుషితమైనదని రేపు తేలితే మొదట ఏ మూడు పనులు చేయాలో, ఏ వరసలో చేయాలో రెండు పుటల్లో రాసి, మీ అధ్యయన కేంద్రంలో జరిగే తరగతిలో చర్చించండి.